రెండేళ్ల నాలుగు నెలలు

గడచిన శీతాకాలంలో మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాము. ఉదయం పది గంటల నుంచి సాయంత్రం ఆరు వరకు కుక్కరు విజిల్ వేయరాదు. పప్పు ఫజ్ర్ నమాజు తరువాతనే ఉడికిపోయేది. వీధి తలుపు గొళ్లెం చప్పుడు చేయకుండా దానికి పాత గుడ్డ చుట్టాము. మనవడిని మేడ మీదికి తీసుకుపోయి ఆడించే బాధ్యత మా మీద పడింది. ఇదంతా ఎందుకంటే, మూల గదిలో మా కోడలు ఉద్యోగం కోసం ఇంటర్వ్యూలు ఇస్తూ ఉండేది.

ఆమె సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. నాలుగేళ్లు హైదరాబాదులో, మాదాపూర్‌లోని ఒక సంస్థలో జావా భాషలో ప్రోగ్రాములు రాసింది. బిడ్డ పుట్టినప్పుడు ప్రసూతి సెలవు తీసుకుంది. 2017లో చట్టాన్ని సవరించి ఆ సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. ఆ 26 వారాలూ ముగిసి తిరిగి పనిలో చేరవలసిన నెలలోనే, ఇక్కడ గుంటూరులో మా శ్రీమతి స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. శస్త్రచికిత్స, ఆ తరువాత పుండు మానకపోవడం, మధుమేహం, రెండవసారి ఆసుపత్రి. కోడలు రాజీనామా చేసి చంటిబిడ్డతో మా దగ్గరికి వచ్చింది. అబ్బాయి వారాంతాలలో వచ్చిపోయేవాడు. అలా రెండేళ్ల నాలుగు నెలలు గడిచాయి. అల్లాహ్ దయవల్ల మా శ్రీమతి ఇప్పుడు చేతికర్ర పట్టుకుని వంటింటి దాకా నడుస్తోంది.

ఇంతలో అబ్బాయి పనిచేసే సంస్థలో అతని విభాగంలో సగం మందిని తీసివేశారు. అతనిని ఉంచారు గాని రేపటి మాట ఎవరూ చెప్పలేని స్థితి. కోడలు మళ్లీ ఉద్యోగం చూసుకుంటానన్నది. స్త్రీ ఉద్యోగం చేయవచ్చునా అన్న చర్చను ఈ నెల మేము ఎత్తుకోవడం లేదు. హజ్రత్ ఖదీజా (రజి) వ్యాపారం చేసిన సంగతి, తన సరుకును సిరియాకు పంపేందుకు నమ్మకస్తుడైన మనిషి కోసం చూసి ముహమ్మద్ (స)ను నియమించుకున్న సంగతి పాఠకులకు తెలియనిది కాదు. మేము చెప్పదలచినది మరొకటి. అందులో మా తప్పు కూడా ఉంది.

ఉద్యోగానికి అర్జీ పెట్టాలంటే ముందు రెజ్యూమే రాయాలి. అందులో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఎక్కడ పనిచేశారో వరుసగా చూపాలి. మా కోడలి రెజ్యూమేలో ఆ రెండేళ్ల నాలుగు నెలలు తెల్లగా కనబడతాయి. బంధువుల అబ్బాయి ఒకడు అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వారి సంగతి చెప్పాడు. వారు డబ్బు పుచ్చుకుని, ఎన్నడూ పనిచేయని సంస్థలో పనిచేసినట్టు ధ్రువపత్రం ఇస్తారట. జీతం చీటీలు ఇస్తారట. భవిష్య నిధి ఖాతాలో సొమ్ము జమ అయినట్టు కూడా చూపిస్తారట. ఎందుకంటే ఈ రోజుల్లో సంస్థలు కాగితాలతో సరిపెట్టుకోవు. భవిష్య నిధి సంఖ్య ద్వారా అభ్యర్థి ఎక్కడెక్కడ ఎంతకాలం పనిచేశాడో చూస్తాయి. అబద్ధం బయటపడితే చేరిన ఆరు నెలలకైనా పంపివేస్తాయి.

ఆ అబ్బాయి ఈ మాట చెబుతున్నప్పుడు మేము అతనిని ఆపలేదు. అది మా మొదటి తప్పు. ఆ రాత్రి భోజనాల దగ్గర, "అందరూ చేస్తున్నదే కదా బేటీ, ఆ అబ్బాయి చెప్పినది ఒకసారి విను" అన్నాము. అది రెండవది. దివ్య ఖుర్ఆన్ పఠించే నోటితోనే ఆ మాట వచ్చింది. అవసరం మనిషి చేత ఎంత మెల్లగా, ఎంత మర్యాదగా తప్పు పలికిస్తుందో అప్పుడు తెలిసింది.

కోడలు కోప్పడలేదు. మనవడికి అన్నం కలుపుతూ, "అబ్బా, ఆ రెండేళ్లు నేనేం చేశానో అమ్మీని అడగండి. అవి వేరే ఎక్కడో గడిపానని రాయమంటారా?" అన్నది.

మా శ్రీమతి తలవంచుకుంది. మేమూ వంచుకున్నాము. ఆ కాగితం మీద అబద్ధం రాయడమంటే, రాత్రిపూట ఆమె చేసిన సేవను, మార్చిన కట్లను, ఆసుపత్రి వరండాలో బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చున్న గంటలను చెరిపివేయడమని మాకు తట్టనే లేదు.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. పైన ఎండు గింజలు, అడుగున తడిసినవి. వాన పడిందని వర్తకుడు సంజాయిషీ చెప్పుకున్నాడు. తడిసిన దానిని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు. మోసం చేసేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. మేము ఆ హదీసును ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. జీవితమంతా బట్టల కొట్టులో లెక్కలు రాసినవాళ్లం కనుక అది వర్తకుల కోసం చెప్పినదనే అనుకుంటూ వచ్చాము. రెజ్యూమే కూడా ఒక ధాన్యపు రాశి అని తోచలేదు. వాన పడడం ఆ వర్తకుని తప్పు కాదు, అత్తకు ఎముక విరగడం కోడలి తప్పూ కాదు. దాచడం దగ్గరనే లెక్క మారుతుంది.

ఆమె రెజ్యూమేలో ఆ ఖాళీని ఖాళీగానే ఉంచి, ఎదురుగా ఒక్క వాక్యం రాసింది: కుటుంబంలో వ్యాధిగ్రస్తుల సంరక్షణ, శిశు పోషణ. చాలా సంస్థల నుంచి జవాబు లేదు. ఒక సంస్థ పిలిచింది.

ఇంటర్వ్యూ అంటే ఒక బల్ల, అవతల ముగ్గురు పెద్దమనుషులు అని మేము ఊహించుకున్నాము. అది కాదు. ఆరు మెట్లు. మొదటిది కంప్యూటరు మీద పరీక్ష, తొంభై నిమిషాలు, మూడు ప్రశ్నలు. ఆ తరువాత ఆ సంస్థ ఇంజనీర్లతో రెండు విడతలు. నాలుగవది పెద్ద వ్యవస్థను ఎలా నిర్మిస్తావో చెప్పమనే విడత. ఐదవది మేనేజరుతో. ఆరవది జీతం, చేరే తేదీ మాట్లాడే మానవ వనరుల విభాగం వారితో. ఒక్కొక్క మెట్టుకు మధ్య నాలుగు రోజులు, ఒక్కొక్కసారి వారం.

ఏమడుగుతారమ్మా అంటే ఒక ఉదాహరణ చెప్పింది. లక్ష సంఖ్యల జాబితా ఇస్తారు. వాటిలో ఏ రెండింటిని కూడితే ఫలానా మొత్తం వస్తుందో కనిపెట్టాలి. "ఇందులో ఏముంది, ఒక్కొక్క దానిని మిగిలిన వాటితో కూడి చూస్తే సరి" అన్నాము లెక్కల మనిషి ధీమాతో. అలా చూస్తే దాదాపు 500 కోట్ల జతలు చూడాలి అబ్బా, అన్నది. ఆమె పద్ధతి వేరు. ఒక ఖాతా పుస్తకం తెరిచి, చూసిన ప్రతి సంఖ్యనూ అందులో రాసుకుంటూ పోవాలి. కొత్త సంఖ్య రాగానే, మొత్తానికి ఇంకా ఎంత తక్కువో లెక్కవేసి, ఆ తక్కువ పడినది పుస్తకంలో ఇదివరకే ఉందా అని చూడాలి. లక్షసార్లు చూస్తే పని ముగుస్తుంది. అరువు ఖాతాలు రాసిన మాకు అది వెంటనే అర్థమైంది. ఇన్నేళ్లు ఆ గదిలో ఏదో మాకు అందని విద్య జరుగుతున్నదని అనుకున్నందుకు కొంచెం నవ్వూ వచ్చింది.

నాలుగవ విడతలో రైలు టిక్కెట్ల వ్యవస్థను కట్టమన్నారట. ఉదయం పది గంటలకు తత్కాల్ తెరుచుకోగానే వేలమంది ఒకే బెర్తు కోసం వేలు నొక్కుతారు. ఒకే బెర్తును ఇద్దరికి అమ్మరాదు. ఒకరు డబ్బు కట్టేలోగా దానిని వారి పేర కొద్ది నిమిషాలు ఆపి ఉంచాలి, వారు కట్టకపోతే మళ్లీ వదలాలి. ఇచ్చిన మాటను ఎంతసేపు నిలబెట్టాలి, ఎప్పుడు విడిచిపెట్టాలి అన్నదే ఆ ప్రశ్న సారాంశమట.

మొదటి పరీక్ష నాడు ఒక చిక్కు వచ్చింది. కెమెరాలో గది నలుమూలలూ చూపాలి, బల్ల మీద ఏమీ లేదని చూపాలి, చివరకు రెండు చెవులూ చూపాలి. చెవిలో పరికరం పెట్టుకుని ఎవరిచేతనో జవాబులు చెప్పించుకునే వారున్నారు కనుక ఆ నియమం పెట్టుకున్నారు. ఒకరు పెదవులు కదిలిస్తుంటే మరొకరు మాట్లాడే దొంగ ఇంటర్వ్యూలు కూడా జరుగుతున్నాయట. ఆ మోసాల మూల్యం నిజాయితీపరులు చెల్లిస్తున్నారు. అవతల పర్యవేక్షిస్తున్నది పురుషుడు. కోడలు తలమీది ఓణీ తీయలేదు, పరీక్షా మానలేదు. మహిళా ఉద్యోగిని పంపితే ఆమెకు చూపుతానని రాసింది. ఇరవై నిమిషాల తరువాత ఒక మహిళ వచ్చి చూసింది. ఆ ఇరవై నిమిషాలను పరీక్ష సమయంలోనుంచి కోయలేదు కూడా. మరొకనాడు సాయంత్రం ఐదున్నరకు పెట్టిన విడతను మగ్రిబ్ నమాజు కోసం ఆరింటికి మార్చమని ముందురోజే అడిగితే మార్చారు. అడగకుండానే కుదరదనుకుని ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు మన మొహల్లాలలో ఎందరో ఉన్నారు కనుక ఈ రెండు సంగతులూ రాస్తున్నాము.

ఆమెకు నిజంగా కష్టమైనది మరొకచోట. గతంలో చేసిన పనిని వివరించమన్నప్పుడల్లా "మేము ఇలా చేశాము, మేము అలా మార్చాము" అని చెప్పిందట. అవతలి వ్యక్తి మూడుసార్లు ఆపి, "మీరు ఏం చేశారు?" అని అడిగాడు. 'నేను' అని చెప్పడం మన ఇళ్లలో ఆడపిల్లలకు నేర్పలేదు. (ఈ శీర్షికలో ఏళ్ల తరబడి 'మేము' అని రాసుకునే మాకు ఆమెకు సలహా చెప్పే అర్హత ఎంతవరకు ఉందో తెలియదు.) ఆ రాత్రి ఇద్దరం కూర్చుని సూరా యూసుఫ్ చూశాము. చెరసాల నుంచి వచ్చిన హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) రాజు ఎదుట నిలబడి, దేశపు ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని తానే అడిగారు. తాను కాపాడగలవాడినని, తెలిసినవాడినని తన నోటితోనే చెప్పారు. కరువు రానున్నది, ఆ పని చేయగలిగినది తాను. అది ఉన్నది ఉన్నట్టు చెప్పడమే, గొప్ప చెప్పుకోవడం కాదు. మరుసటి విడతలో ఆమె 'నేను' అని పదిసార్లు అన్నదట. లెక్కపెట్టుకుని మరీ చెప్పింది.

ఐదవ మెట్టు మీద మేనేజరు ఆ ఖాళీ గురించి అడిగాడు. ఆమె ఉన్నది చెప్పింది. అత్తగారి తుంటి, మధుమేహం, బిడ్డ. తాను ఉద్యోగం మానిన నాటికి తమ సంస్థలో జావా 8 వాడేవారని, ఇప్పుడు అందరూ 17, 21 అడుగుతున్నారు కనుక గత ఆరు నెలలుగా బిడ్డ నిద్రపోయాక రాత్రి పదింటి నుంచి వాటిని నేర్చుకున్నానని, మొహల్లా మస్జిదు జకాత్ లెక్కల కోసం ఒక చిన్న ప్రోగ్రాము రాసి ఇచ్చానని చెప్పింది. అతడు శ్రద్ధగా విన్నాడు. అంతలో, మళ్లీ పిల్లలను కనే ఆలోచన ఉన్నదా అని అడిగాడు. అది తన ఇంటి విషయమని, పని విషయం ఎంతైనా అడగవచ్చునని ఆమె జవాబిచ్చింది. మా అబ్బాయి ఎన్నో ఇంటర్వ్యూలు ఇచ్చాడు. అతనికీ ఒక బిడ్డ ఉన్నాడు. అతనిని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

గది నుంచి బయటకు వచ్చి, "చెప్పకుండా ఉండవలసిందేమో" అన్నది ఆమె. మాకు సూరా అల్ ఖసస్ గుర్తుకు వచ్చింది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఈజిప్టు నుంచి పారిపోయి, చేతిలో ఏమీ లేక మద్‌యన్ చేరారు. బావి దగ్గర కాపరుల రద్దీలో పక్కన నిలబడిపోయిన ఇద్దరు స్త్రీల మందకు నీళ్లు తోడి పోశారు. కూలి అడగలేదు. నీడకు పోయి, ఏ మేలు దొరికినా తాను దానికి అవసరపడి ఉన్నానని ప్రభువుకే మొరపెట్టుకున్నారు. ఆ స్త్రీల తండ్రి పిలిపించినప్పుడు మూసా (అలైహిస్సలాం) తన గాథ అంతా ఆయనకు చెప్పారు. తన చేతిలో ఒక మనిషి చనిపోయిన గాథ అది, ఫిరౌను మనుషులు వెదుకుతున్న గాథ. పని ఇవ్వబోయే మనిషికి ఎవరు చెప్పుకుంటారు అటువంటిది? ఆ వృద్ధుడు విని, భయపడవద్దన్నాడు. అప్పుడు ఆయన కూతుళ్లలో ఒకరు, ఇతనిని పనిలో పెట్టుకోమని తండ్రికి చెప్పింది. బలమూ నమ్మకమూ రెండూ ఉన్నవాడే పనికి తగినవాడని ఆమె గుర్తించింది. ఉద్యోగికి ఉండవలసిన రెండు గుణాలను ఖుర్ఆన్ ఒక స్త్రీ నోట పలికించింది. వాటిలో బలాన్ని ఆమె బావి దగ్గర కళ్లారా చూసింది. ఇప్పటి ఆరు మెట్లలో ఐదు ఆ బలాన్ని కొలవడానికే సరిపోతున్నాయి. నమ్మకాన్ని కొలిచే మెట్టు ఏదో మాకు కనబడలేదు, ఆ ఐదవనాటి ప్రశ్న తప్ప. దానికి ఆమె సరైన జవాబే ఇచ్చింది.

ఆరవ మెట్టు దగ్గర పాత జీతం చీటీలు, పాన్ సంఖ్య, భవిష్య నిధి సంఖ్య అడిగి తీసుకున్నారు. ఎప్పుడు చేరగలరని అడిగారు. ఇక అయిపోయినట్టేనని ఇల్లంతా అనుకుంది. మా శ్రీమతి ఖుబానీలు నానబెట్టింది.

ఆ తరువాత 26 రోజులు ఒక్క మాట లేదు.

కోడలు రెండుసార్లు రాసింది. జవాబు రాలేదు. ఫోను మోగితే మనవడు కూడా తల్లి ముఖం చూసేవాడు. పక్కింటివారు పాలప్యాకెట్టు తీసుకుంటూ, "ఏమన్నారు వాళ్లు?" అని అడిగేవారు. అన్నిటికంటే కష్టమైనది మా శ్రీమతి స్థితి. ఒకరాత్రి తహజ్జుద్‌కు లేచి చూస్తే ఆమె మంచం మీద కూర్చుని ఉంది. "నా ఎముక విరగకపోతే ఆ పిల్లకు ఈ గతి పట్టేది కాదు" అన్నది. ఏడాదికి పైగా పడిన బాధలో ఆమె ఒక్కసారీ కన్నీరు పెట్టలేదు, ఆ రాత్రి పెట్టింది. ఒక కార్యాలయంలో ఎవరో ఒక ఉత్తరం పంపడం మరచిపోతే అది ఏ ఇంట్లో ఎవరి మీద పడుతుందో అక్కడివారికి ఎలా తెలుస్తుంది?

అందుకే ఒక మాట. మన కుటుంబాలలో ఇప్పుడు బల్లకు అవతలి వైపు కూర్చునేవారు కూడా తయారయ్యారు. టీమ్ లీడర్లున్నారు, మానవ వనరుల విభాగంలో మన అమ్మాయిలున్నారు. వారు ఈ పత్రికను ఇంట్లో చూస్తారని మాకు తెలుసు. వద్దనుకున్న మనిషికి వద్దని చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. శ్రామికుని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (స) అనుచరులం మనం. ఆరు విడతలు కూర్చున్న మనిషికి ఇవ్వవలసిన కూలి కనీసం ఒక జవాబు. దానిని బాకీ పెట్టుకోవద్దు.

ఈ పరీక్షలు మనిషి విలువను తూచలేవని ఆ రంగంవారే ఒప్పుకున్నారని కోడలు అత్తగారిని ఓదార్చింది. హోమ్‌బ్రూ అనే సాధనాన్ని తయారుచేసిన మ్యాక్స్ హోవెల్ అనే ప్రోగ్రామరు, బోర్డు మీద ఒక బైనరీ ట్రీని తిరగేసి చూపలేనందుకు గూగుల్ తనను వద్దన్నదని 2015లో ట్విట్టర్‌లో రాశాడు. ఆ సంస్థ ఇంజనీర్లలో చాలామంది వాడే సాధనమే అది. అదే గూగుల్‌లో ఉద్యోగుల విభాగం అధిపతిగా ఉన్న లాజ్లో బాక్, విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి వంటి చిక్కుప్రశ్నలు వట్టి కాలహరణమని 2013లో ఒక పత్రికతో చెప్పాడు. మా శ్రీమతి ఇదంతా విని, "ఆ బంతులు లెక్కపెట్టే వాళ్లకు నా తుంటి ఎందుకమ్మా" అన్నది. చాలా రోజుల తరువాత ఇంట్లో అందరం నవ్వాము.

27వ రోజున ఉత్తరం వచ్చింది. మరొక అభ్యర్థితో ముందుకు వెళుతున్నామని రెండు వాక్యాలు. కారణం చెప్పగలరా అని కోడలు మర్యాదగా అడిగితే, ఇటీవలి అనుభవం ఉన్నవారిని తీసుకున్నామని మరునాడే జవాబు వచ్చింది. అమీర్‌పేట సంగతి చెప్పిన అబ్బాయి, "నేను ముందే చెప్పాను" అన్నాడు. కోడలు అతనికి టీ ఇచ్చింది. మేము ఏమీ అనలేదు. అనడానికి మా దగ్గర నిజాయితీగా మిగిలిన మాట కూడా లేదు. ఆ నెల రోజులలో మాకు ఒక్కసారైనా అతని మాట గుర్తుకు రాలేదని చెబితే అది అబద్ధమవుతుంది.

విరామం తరువాత తిరిగి వచ్చే స్త్రీల కోసమే కొన్ని సంస్థలు ప్రత్యేక నియామకాలు జరుపుతున్నాయని ఈలోగా తెలుసుకున్నాము. టాటా సమూహం 2008లోనే అటువంటిది ఒకటి మొదలుపెట్టింది. అక్కడ ఆ ఖాళీయే అర్హత. ఇటువంటివి వెదికే పాఠకురాళ్లు రెజ్యూమేలో ఆ సంవత్సరాలను దాచకుండా ముందే రాయండి. కోడలు అలాంటి రెండింటికి, మామూలువి నాలుగింటికి అర్జీ పెట్టింది. ఒకచోట మొదటి మెట్టు దాటింది. మంగళవారం ఉదయం పదకొండు గంటలకు రెండవది.

గొళ్లేనికి చుట్టిన గుడ్డ ఇంకా విప్పలేదు. మనవడికి మేడ మీద పావురాలకు వేయడానికి జొన్నలు తెచ్చి ఉంచాము. మా శ్రీమతి, మంగళవారం పప్పు వద్దు, ముందురోజే వేపుడు చేసి ఉంచుకుందాం అంటోంది.